మీకిష్టమైన గేమ్‌ని ఇంకొకరి చేతిలో పెట్టడం ఎలా

నచ్చిన గేమ్ గురించి మొదలుపెడితే మనం గుక్క తిప్పుకోం. ఎదుటివాళ్ళు నవ్వుతూ తలూపి "తప్పకుండా ఆడతా" అంటారు. రెండు నెలల తర్వాత అడిగితే "ఇన్‌స్టాల్ చేశాను, ఇంకా తెరవలేదు" అంటారు. లేదంటే అంతకన్నా నీరసమైన జవాబు: "ఓ పావుగంట ఆడాను. ఏమో, నాకు ఎక్కలేదు." లోపల చివుక్కుమంటుంది. గేమ్ మంచిదే, మనిషీ మంచివాడే, చెడిందల్లా మనం ఇచ్చిన తీరు దగ్గర. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు పాతిక పేర్లు వరసగా పంపించి, కింద "అన్నీ అదిరిపోతాయి" అని ఒక ముక్క తగిలించి చేతులు దులుపుకుంటాం. నేను ఏళ్ళ తరబడి ఇదే పని చేశాను. బంగారంలాంటి గేమ్స్‌ని చాలామందికి అలా చేజేతులా చెడగొట్టాను కూడా. ఇప్పుడు కాస్త నెమ్మదించి, కింద రాసిన వరసలో చేస్తున్నాను. "నీవల్ల రాత్రి నిద్ర లేదు" అని తిట్టేవాళ్ళు పెరిగారు.

1. ముందు మనిషి, తర్వాతే గేమ్

"నీకు ఏ టైపు గేమ్స్ ఇష్టం?" అని అడక్కండి. "అన్నీ" అంటారు, లేదా "యాక్షన్" అంటారు. ఆ జవాబుతో మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఇలా అడగండి: ఈమధ్య చివరిదాకా ఆడిన గేమ్ ఏది? మధ్యలో వదిలేసింది ఏది, సరిగ్గా ఎక్కడ వదిలేశావు? ఒకసారి కూర్చుంటే ఎంతసేపు కుదురుతుంది?

అసలు సరుకు రెండో ప్రశ్నలో ఉంది. ఒకే గేమ్‌ని ఇద్దరు వదిలేస్తారు, కానీ కారణాలు వేరు. ఒకరు బాస్ (దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) చేతిలో ఇరవైసార్లు చచ్చి విసిగిపోయారు. ఇంకొకరికి ఆడకుండా చూస్తూ కూర్చోవాల్సిన కట్‌సీన్లు ఎక్కువై నిద్రొచ్చింది. మొదటివారికి కష్టం తగ్గించుకునే వీలున్న గేమ్ కావాలి, రెండోవారికి మాటలు తక్కువున్నది కావాలి. మ్యాప్ నిండా వంద గుర్తులు చూసి బెదిరిపోయాను అన్నవారికి మళ్ళీ ఎటుకావాలంటే అటు తిరిగే ఓపెన్ వరల్డ్ గేమ్ ఇవ్వకండి, అది మీకు ప్రాణమైనా సరే.

సమయం లెక్క కూడా చూడాలి. 2015లో వచ్చిన ది విచర్ 3 ప్రధాన కథ ఒక్కటే యాభై గంటల పని. 2007 నాటి పోర్టల్ మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. రోజుకి అరగంట దొరికే మనిషికి విచర్ ఇవ్వడమంటే నెలల తరబడి తీరని బాకీ నెత్తిన పెట్టడమే. ఆ మనిషికి టెట్రిస్ ఇవ్వండి. అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో తయారుచేసిన ఆ గేమ్ ఐదు నిమిషాల ఖాళీకీ సరిపోతుంది, ఐదు గంటల ఖాళీకీ సరిపోతుంది.

ఇంకో చిన్న ప్రశ్న ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. పాత్ర కళ్ళతోనే చూసే ఫస్ట్ పర్సన్ గేమ్స్ ఆడితే తల తిరుగుతుందా? కొందరికి పది నిమిషాల్లో వాంతి వచ్చేలా ఉంటుంది, కానీ మొహమాటంతో చెప్పరు, "బాగుంది" అని కంట్రోలర్ పక్కన పెట్టేస్తారు. సెట్టింగ్స్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెరలో కనిపించే వెడల్పు) పెంచి, మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం), తల ఊగే ఎఫెక్ట్ ఆపేస్తే చాలామందికి కుదురుకుంటుంది. అప్పటికీ కాకపోతే పక్కనుంచి కనిపించే 2డీ గేమ్ వెతకండి.

2. ఒక్కటే పేరు చెప్పండి

పది పేర్లు చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఒకటి చెప్పండి. అది ఆడాక, లేదా వదిలేశాక, రెండోది. నోరు కట్టేసుకోవడం కష్టమే.

3. ఎందుకు ఆడాలో ఒక్క ముక్కలో

"గ్రాఫిక్స్ సూపర్, స్టోరీ కేక" అంటే వినేవాళ్ళ కళ్ళముందు ఏ బొమ్మా కట్టదు. గేమ్ మొత్తాన్ని పొగిడే బదులు అందులో చూడాల్సిన ఒక్క విషయం చెప్పండి.

ప్యాక్‌మ్యాన్‌ని తీసుకోండి. 1980 నాటిది, అందరికీ తెలిసిన పేరే, అందుకే ఎవరూ పట్టించుకోరు. "పాత క్లాసిక్, ఒకసారి ఆడాలి" అంటే మొహమాటానికి రెండు నిమిషాలు ఆడతారు. ఇలా చెప్పి చూడండి: "ఆ నాలుగు దయ్యాలకీ నాలుగు బుద్ధులు. ఎర్రది నీ వెంటే పడుతుంది. గులాబీది నువ్వున్న చోటికి రాదు, నీ మొహం ఎటుందో చూసి నాలుగు గళ్ళు ముందుకి గురిపెడుతుంది. నారింజది దూరంనుంచి ఉరుకుతూ వస్తుంది, ఎనిమిది గళ్ళ దగ్గరికి రాగానే తన మూలకి మళ్ళిపోతుంది." ఇది విన్నవాళ్ళు ఆడే తీరే వేరు. తప్పించుకోవడం ఆపి, దయ్యాలని చదవడం మొదలుపెడతారు. నీలంది ఏం చేస్తుందో చెప్పకండి, అది వాళ్ళే పట్టుకోవాలి.

స్పేస్ ఇన్వేడర్స్ (1978)కీ ఇలాంటి కథే ఒకటుంది. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది కదా, అది మొదట కావాలని పెట్టింది కాదు. తెరమీద గీయాల్సిన బొమ్మలు తగ్గడంతో ఆ మెషీన్ మిగతావాటిని త్వరత్వరగా కదిలించింది, గేమ్ తయారుచేసిన టొమోహిరో నిషికాడో అది బాగుందని అలాగే ఉంచేశారు. ఈ కథ తెలిశాక ఆఖరి శత్రువు పరుగెడుతుంటే వేరేగా కనిపిస్తుంది.

కొన్ని గేమ్స్ విషయంలో మాత్రం ఈ ఒక్క ముక్క కూడా ఎక్కువే. అవుటర్ వైల్డ్స్ (2019)లో కొత్త ఆయుధాలు, లెవెల్స్ పెరగడం లాంటివేమీ ఉండవు, ముందుకు వెళ్ళడానికి మీకు కావలసిందల్లా తెలుసుకున్న విషయాలే. ఎవరో ఒక ముక్క చెప్పేస్తే ఆ మేరకు గేమ్ పోయినట్టే, మళ్ళీ తెచ్చుకోలేరు. అలాంటిది ఇచ్చేటప్పుడు "వీడియోలు చూడకు, ఏమీ వెతక్కు, ఇరుక్కుంటే నన్ను అడుగు" అని చెప్పి ఊరుకోండి.

4. పాత గేమ్ అయితే కాస్త ముందుగా సిద్ధం చేయండి

పాత గేమ్ నచ్చకపోవడానికి వయసు కంటే అడ్డంకులే పెద్ద కారణం. మనం చిన్నప్పటినుంచి అలవాటుపడి వాటిని చూడం. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట కనిపించేవి అవే.

అన్నిటికంటే ముందు ఏ వెర్షన్ అన్నది తేల్చి చెప్పండి. "ఫైనల్ ఫాంటసీ 7 ఆడు" అంటే చాలదు. 1997 నాటిది పూర్తి కథ. 2020లో వచ్చిన రీమేక్ అందులో మొదటి భాగం మాత్రమే, దాని కొనసాగింపు 2024లో వేరే గేమ్‌గా వచ్చింది. రెసిడెంట్ ఈవిల్ 2 అయితే 1998 నాటిదానికీ 2019 నాటిదానికీ కథ దాదాపు ఒకటే, చేతికి అనిపించేది మాత్రం పూర్తిగా వేరు. పాతదాంట్లో ముందుకు నొక్కితే పాత్ర మొహం ఉన్నవైపే నడుస్తుంది, కెమెరా కోణం మారినా అంతే. కొత్తవాళ్ళకి అరగంటపాటు నరకంలా ఉంటుంది. నా మటుకు కొత్తది ముందు ఇస్తాను, పాతది తర్వాత చూపిస్తాను. పాతదే ముందు ఆడాలని పట్టుబట్టేవాళ్ళతో నేను వాదించను, కానీ వాళ్ళు ఇచ్చిన గేమ్స్ ఎంతమంది పూర్తిచేశారో అడగాలనిపిస్తుంది.

తర్వాత మాన్యువల్. ఇది పెద్ద సంగతి. ఆ రోజుల్లో ఎలా ఆడాలో గేమ్ లోపల చెప్పేవారు కాదు, డబ్బాలో పెట్టిన చిన్న పుస్తకంలో ఉండేది. ఇప్పుడు డౌన్‌లోడ్ చేసుకునేవారి దగ్గర ఆ పుస్తకం ఉండదు, ఉన్నా పీడీఎఫ్ ఎవరూ తెరవరు. కాబట్టి మీరే నాలుగు లైన్ల చీటీ రాసివ్వండి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989)కి నేను ఇచ్చే చీటీ ఇలా ఉంటుంది: షిఫ్ట్ పట్టుకుని నడిస్తే ఒక్కో అడుగే పడుతుంది, ముళ్ళ మధ్య నుంచి కూడా అలా దాటొచ్చు. అంచు పట్టుకుని వేలాడటానికీ, సీసాలో మందు తాగడానికీ అదే మీట. చస్తే ఫర్వాలేదు, ఆ లెవెల్ మళ్ళీ మొదలవుతుంది. కానీ గడియారం ఆగదు, మొత్తం గేమ్‌కి ఉన్నది 60 నిమిషాలే. అంతే. షిఫ్ట్ సంగతి తెలియకుండా ఈ గేమ్‌ని మూలన పడేసినవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు.

టీవీ సెట్టింగ్స్ చూడండి. పాత గేమ్స్‌ని బొద్దు టీవీల కోసం తయారుచేశారు, బటన్ నొక్కిన క్షణమే తెరమీద కదలిక కనిపించేది. ఇప్పటి టీవీలు బొమ్మకి మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి, దాంతో మారియో మీరు దూకమన్న కాసేపటికి దూకుతాడు, గుంతలో పడతాడు. కొత్తవాళ్ళు "నాకు చేతకావట్లేదు" అనుకుంటారు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అలాగే బొమ్మని వెడల్పు తెర నిండా సాగదీయకండి, పాత టీవీల 4:3 కొలతలోనే ఉంచండి. లేకపోతే అందరూ పక్కలకి లావెక్కిపోతారు.

క్యాట్రిడ్జ్‌ (పాత కన్సోల్‌లో పెట్టే గేమ్ డబ్బీ) ఇస్తుంటే దాని మెటల్ కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడిచి ఇవ్వండి. నోటితో ఊదడం మనందరి అలవాటే, కానీ ఆ తడివల్ల కాంటాక్టులు పాడవుతాయి. చాలా పాత క్యాట్రిడ్జ్‌ల లోపల సేవ్ ఫైల్‌ని నిలబెట్టేది ఒక చిన్న బ్యాటరీ, అది అయిపోతే ఆట ఆడొచ్చు కానీ సేవ్ నిలవదు. వారం ఆడాక ఇది తెలిస్తే వాళ్ళు మీ మొహం చూడరు. ముందే పరీక్షించండి.

ఇక ఎమ్యులేటర్ల మాట. పాత మెషీన్‌లా పనిచేసే ఎమ్యులేటర్ ప్రోగ్రాం వేరు, ఎక్కడినుంచో దించుకున్న గేమ్ కాపీ వేరు. ఆ రెండోది పంచిపెట్టకండి. అధికారికంగా దొరుకుతున్నవి ముందు చూడండి: 2008లో మొదలైన జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో చాలా పాత పీసీ గేమ్స్ ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి అమ్ముతున్నారు. నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లోని పాత గేమ్స్‌లో కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకునే రివైండ్ కూడా ఉంది, కొత్తవాళ్ళకి అది పెద్ద వరం. అన్నీ దొరకవు, అది నిజం. 2010కి ముందు అమెరికాలో విడుదలైన క్లాసిక్ గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అలాంటివాటికి మీ దగ్గరున్న డిస్కే దిక్కు, ఇంటికి పిలిచి ఆడించండి.

5. కొత్త గేమ్ అయితే సెట్టింగ్స్ మీదే సగం పని

వాళ్ళు వచ్చేలోపే డౌన్‌లోడ్, అప్‌డేట్ పూర్తిచేసి పెట్టుకోండి. ఉత్సాహంగా వచ్చిన మనిషిని కూర్చోబెట్టి నలభై నిమిషాలు నీలం గీత చూపించడం కంటే పాపం లేదు.

పాత గేమ్స్ అలవాటైనవాళ్ళకి కొత్త గేమ్ ఇస్తుంటే ఇంకో ఇబ్బంది ఉంది. రెండు స్టిక్‌లు, పన్నెండు బటన్లు, పాత్రని ఒక చేత్తో, కెమెరాని ఇంకో చేత్తో తిప్పాలి. మనకి అలవాటైపోయింది కానీ ఎప్పుడూ ఆడనివారికి ఇది రెండు చేతులతో రెండు రకాల ముగ్గులు వేయడం లాంటిది. వాళ్ళకి ముందు కెమెరా తిప్పక్కర్లేని గేమ్ ఇవ్వండి. స్టార్‌డ్యూ వ్యాలీ (2016) బాగా పనిచేస్తుంది, ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి కూర్చుని చేసిన గేమ్ అది.

కష్టం తగ్గించుకోవడం నామోషీ అనే మాట మీ నోట రానివ్వకండి. సెలెస్ట్ (2018)లో అసిస్ట్ మోడ్ పెడితే గేమ్ వేగాన్ని సగం దాకా తగ్గించొచ్చు. హేడీస్ (2020)లో గాడ్ మోడ్ ఇంకా తెలివైనది: మొదట దెబ్బల తీవ్రతని 20 శాతం తగ్గిస్తుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం తగ్గిస్తుంది, 80 శాతం దాకా. అంటే ఓడేకొద్దీ మనిషి గట్టిపడతాడు. ఇలాంటివి ఉన్నాయని మీరు చెప్పకపోతే వాళ్ళు మెనూలో వెతకరు.

చిన్నపిల్లలు పక్కనుంటే డబ్బామీద వయసు గుర్తు చూడండి. యూరప్ వయసు గుర్తు పెగీ 18 అని ఉంటే 18 అనే అర్థం, "అంత ఉండదులే" అనుకోకండి.

6. మొదటి గంట: పక్కన ఎలా కూర్చోవాలి

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. మా తమ్ముడికి డార్క్ సోల్స్ (2011) ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మొదట్లోనే ఒక పెద్ద రాక్షసుడు పైనుంచి దూకుతాడు. అప్పటికి మీ చేతిలో ఉండేది విరిగిన కత్తి పిడి. కొట్టి గెలవడానికి కాదు, ఆ గదిలో పక్కనున్న తలుపు చూసుకుని పారిపోవడానికి పెట్టిన సీన్ అది. వాడు ఇంకా రాక్షసుడిని నోరు తెరుచుకుని చూస్తున్నాడు, నేను అప్పటికే "ఒరేయ్, తలుపు! ఎడమవైపు తలుపు! కొట్టకురా!" అని అరుస్తున్నాను. వాడు తలుపులోకి దూరాడు. బతికాడు. కంట్రోలర్ నా ఒళ్ళో పెట్టి "అన్నీ నీకు తెలుసుగా, నువ్వే ఆడుకో" అని లేచిపోయాడు. ఆ గేమ్‌లో ఉన్న మొదటి మంచి క్షణాన్ని నేను వాడి చేతిలోంచి లాక్కున్నాను. ఇప్పటికీ వాడు దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు.

దీనికి సరిగ్గా ఎదురు అనుభవం మా పిన్నితో. ఎప్పుడూ గేమ్స్ ఆడని మనిషి. సూపర్ మారియో బ్రదర్స్ (1985) మొదటి లెవెల్ పెట్టి, రెండు బటన్లు చూపించి నోరు మూసుకుని కూర్చున్నాను. ఎదురుగా వచ్చిన పుట్టగొడుగు మొహంవాడికి తగిలి చనిపోయింది. మళ్ళీ తగిలింది. మూడోసారి దూకింది, వాడి మీదే పడింది, వాడు చితికిపోయాడు. "అయ్యో!" అని నవ్వింది. తర్వాత ప్రశ్నార్థకం ఉన్న పెట్టెని తలతో కొట్టింది, అందులోంచి నిజం పుట్టగొడుగు వచ్చింది. ఇదీ శత్రువే అనుకుని వెనక్కి జరిగింది. కానీ అది కుడివైపు వెళ్ళి, గొట్టాన్ని గుద్దుకుని, తిరిగి తన మీదికే వచ్చింది. తప్పించుకోలేకపోయింది, తగిలింది, మారియో పెద్దవాడయ్యాడు. "ఓ, ఇది మంచిదా!" అంది. ఎవరూ చెప్పకుండానే రెండు పాఠాలు వచ్చేశాయి, ఆ గొట్టాన్ని అక్కడ పెట్టిందే అందుకు. నేను "అది మంచిదే పిన్నీ, పట్టుకో" అని ఉంటే ఆ నవ్వు వచ్చేది కాదు.

కాబట్టి పద్ధతి ఇది. బటన్లు చెప్పండి, తెరమీద ఏం చేయాలో చెప్పకండి. అడిగితే జవాబివ్వండి, అదీ ముందు "ఆ మూల ఏముందో చూశావా?" అన్నంత మేరకే. ఒకేచోట ఐదుసార్లు ఓడి, మొహం మారుతుంటే అప్పుడు అడగండి, "చెప్పనా?" అని. కంట్రోలర్ మాత్రం లాక్కోకండి. కట్‌సీన్ వచ్చినప్పుడు వాళ్ళ మొహం వైపు "చూశావా, చూశావా" అన్నట్టు చూడటం కూడా మానుకోండి, అది నాకింకా పూర్తిగా చేతకాలేదు. రెండు కంట్రోలర్లుంటే స్టిక్ సరిగా ఉన్నది వాళ్ళకివ్వండి, తనంతట తానే పక్కకి జరిగిపోయేది మీరు తీసుకోండి.

వాళ్ళ కోసం వేరే ప్రొఫైల్ తెరవడం మర్చిపోవద్దు. నేను ఒకసారి పోకెమాన్ క్యాట్రిడ్జ్ అప్పిచ్చాను. అందులో ఒక్క సేవ్ ఫైలే ఉంటుంది. తీసుకున్నవాళ్ళు కొత్త గేమ్ మొదలుపెట్టి శుభ్రంగా సేవ్ చేసుకున్నారు. నా టీమ్ మొత్తం గాలిలో కలిసిపోయింది. వాళ్ళ తప్పేం లేదు, నేను చెప్పలేదు.

7. ఇచ్చే దారులు

డిస్క్ ఉంటే చేతికివ్వడమే తేలిక. డిజిటల్‌గా కొన్నవాటికీ దారులున్నాయి. పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో స్టీమ్ ఫ్యామిలీస్ ఉంది, అందులో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు ఆరుగురిదాకా చేరి ఒకరి గేమ్స్ ఒకరు ఆడుకోవచ్చు. అయితే ఒకే కాపీని ఇద్దరు ఒకేసారి ఆడలేరు. ఇంకోటి, మీ గేమ్‌లో వాళ్ళు చీటింగ్ చేసి దొరికిపోతే ఆ గేమ్‌లో మీమీద కూడా నిషేధం పడుతుంది. పిల్లల్ని చేర్చేముందు ఇది చెప్పండి. దూరంగా ఉన్నవాళ్ళతో ఆడటానికి స్టీమ్‌లోనే రిమోట్ ప్లే టుగెదర్ ఉంది, గేమ్ ఒకరి దగ్గరుంటే చాలు. ప్లేస్టేషన్‌లో షేర్ ప్లే పెట్టి ఒక్కో విడత గంటసేపు మీ గేమ్‌ని వాళ్ళచేత ఆడించొచ్చు. ఇట్ టేక్స్ టూ (2021)లో ఫ్రెండ్స్ పాస్ ఉంది, ఇద్దరిలో ఒకరు కొంటే రెండోవారు ఉచితంగా చేరొచ్చు. పాస్‌వర్డ్ చెప్పేయడం మాత్రం వద్దు, అది నిబంధనలకీ విరుద్ధం, అకౌంట్‌కీ ప్రమాదం.

స్టీమ్‌లో కొనమని చెబుతుంటే ఇంకో మాట కలపండి: కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. "నచ్చకపోతే తిరిగిచ్చెయ్" అనగానే సగం టెన్షన్ తగ్గుతుంది.

8. పాతదాన్నీ కొత్తదాన్నీ జతకట్టండి

నలుగురైదుగురు గేమింగ్ పిచ్చోళ్ళు ఒకచోట చేరినప్పుడు నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. ప్రతి ఒక్కరూ ఒక పాత గేమ్, దాని వారసుడు అనిపించే ఒక కొత్త గేమ్ తేవాలి. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. రోగ్ (1980) పెట్టి తర్వాత హేడీస్ పెట్టండి: ప్రతిసారీ మారిపోయే గదులు, చస్తే మళ్ళీ మొదటికి రావడం రెండింటిలోనూ ఉంటాయి, ఇలాంటి గేమ్స్‌ని పిలిచే "రోగ్‌లైక్" అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ వివరించక్కర్లేదు. మెట్రాయిడ్ (1986) పక్కన హాలో నైట్ (2017) పెట్టండి. 1993 నాటి డూమ్ పక్కన 2016 నాటి డూమ్. ట్యూనిక్ (2022) అయితే మాన్యువల్ గురించి నేను పైన చెప్పినదంతా గుర్తుచేస్తుంది, అందులో దారిపొడవునా మీరు ఏరుకునేది ఒక మాన్యువల్ పేజీలే. దానికి జతగా 1986 నాటి జెల్డా పెట్టి చూడండి.

ఈ ఆటలో ఒకటే నియమం: పాతదాన్ని చూసి నవ్వకూడదు, కొత్తదాన్ని చూసి "మా రోజుల్లో" అనకూడదు. రెండోది నేను రెండుసార్లు తప్పాను.

9. ఇప్పుడు మీ వంతు

మీరిచ్చింది వాళ్ళు ఆడాక, వాళ్ళకిష్టమైనది ఒకటి అడిగి తీసుకోండి. మీరెప్పుడూ ముట్టని రకమైతే ఇంకా మంచిది. కనీసం రెండు గంటలు ఆడేదాకా అభిప్రాయం చెప్పకండి. నచ్చకపోతే ఎక్కడ ఆగిపోయారో సరిగ్గా చెప్పండి, "బాగుంది కానీ" అని నసగకండి. ఆ జవాబుతో వాళ్ళు మీకు తర్వాతి గేమ్ ఎంచుకుంటారు. మా తమ్ముడు ఈమధ్య నాకొక ఫుట్‌బాల్ గేమ్ ఇచ్చాడు. బటన్లు చెప్పి పక్కన కూర్చున్నాడు. మొదటి గోల్ నా గోల్‌పోస్ట్‌లోనే కొట్టుకున్నాను. వాడు ఒక్క మాట అనలేదు.